దంతధావనకాలవిచారము: కృష్ణాతీరాచారము

కృష్ణానది విజయవాడను దాఁటి పాయలుగాఁ జీలి సముద్రమును జేరు పల్లపుభూమి యందుఁ బండ్లు తోముకొనుట ప్రాతఃకృత్యములలో మొదటిది. నేఁటి ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, గుంటూరు, బాపట్ల జిల్లాలలోని యీ ప్రాంతమున నిద్ర లేచినవాఁడు పాచినోటితో మంచినీరైనను ముట్టఁడు. పండ్లు తోమని బాలునకుఁ దల్లి చలిదియన్నము పెట్టదు. పండితపామరభేదము లేక యీ నియమ మందఱిలోను దృఢముగా నాటుకొనియున్నది. అయినను రాత్రి భోజనము చేసిన పిదపఁ బండ్లు తోముకొనుట మాత్రము పూర్వాచారములోఁ గానరాదు. నాలుగుమాఱులు నీరు పుక్కిలించి యుమియుటతోనే యా కార్యము ముగియుచుండెను.

ఏల యిట్లని యడిగినచో శాస్త్రమట్లున్నదని పెద్దలు చెప్పుదురు. ఏ శాస్త్రమను ప్రశ్నమును వేయువా రరుదు. దంతధావనమును విధించిన శాస్త్రములు రెండు గలవు: ఒకటి ధర్మశాస్త్రము, రెండవది వైద్యశాస్త్రము. దంతధావనకాలమును గూర్చి యీ రెండును బలికిన మాటలలో భేదము గలదు. ఆ భేదము రెండు నిపాతములలో నిమిడియున్నది: మనుస్మృతిలోని ‘ఏవ’ యొకటి, అష్టాంగహృదయములోని ‘చ’ యొకటి. కృష్ణాతీరాచార మేవకారమును బట్టుకొని చకారమును విడిచినది. ఈ విడుపువలనఁ గలిగిన నష్టము స్వల్పము గాదు. పుచ్చుపండ్లు, నెత్తురు గాఱు చిగుళ్లు, కదలు దవడపండ్లు ఇంటింటఁ గల బాధలే. కావున నీ విచారము కేవల శబ్దవినోదము గాదు.

శబ్దవిచారము

‘దంతధావన’ శబ్దములోని ధావుధాతువునకు గతి, శుద్ధి యని రెండర్థములు. ఇచట శుద్ధియే గ్రాహ్యము. ఈ ధాతువుపై ల్యుట్ప్రత్యయము భావార్థమునఁ జేరినపుడు పండ్లను శుద్ధిచేయు క్రియ దంతధావనమగును. కరణార్థమునఁ జేరినపుడు ఆ క్రియకు సాధనమైన పుల్ల దంతధావనమగును. ‘దంతపవన’ శబ్దమునకును బూఞ్ ధాతువువలన నిట్టి ద్వైవిధ్యమే కలదు. దంతకాష్ఠశబ్దము మాత్రము పుల్లనే చెప్పును. క్రియకును సాధనమునకు నొకటే పేరగుటచే సాధనమును గూర్చిన నిషేధము క్రియను గూర్చినదిగాఁ బొరపడుట కవకాశము గలిగినది. ఇది ముందు తెలియును.

తెలుఁగున పుల్లకుఁ బేరు ‘పందుంపుల్ల’. పలు, తోము, పుల్ల యను మూఁడు పదముల కలయికచే ‘పలుదోముపుల్ల’ యనియు, వ్యవహారమున నది యఱిగి ‘పందుంపుల్ల’ యనియు నైనది. సంస్కృతవైద్యగ్రంథములు పుల్ల విషయమున ‘భక్షయేత్’ అను క్రియను వాడినవి. నమలవలెనని దాని తాత్పర్యము. నమలఁగా పుల్లకొన మెత్తని కుంచెయగును. తెలుఁగుక్రియ యట్లు గాక ‘తోము’ అని యున్నది. అంట్లు తోముటకును బండ్లు తోముటకును తెలుఁగున నొకటే ధాతువు. ఈ సామ్యము మాటతోనే నిలువక చేఁతకును బ్రాఁకినది. గిన్నెలకు వాడు బూడిదయే పండ్లకును వాడఁబడెను.

వైద్యగ్రంథముల విధి

సుశ్రుతసంహిత నిదానస్థానము ముఖరోగములను 65గా లెక్కించి, వానిని పెదవులు, దంతమూలములు, దంతములు, నాలుక, తాలువు, కంఠము, సర్వముఖము నను నేడు స్థానములకుఁ బంచినది. వానిలోఁ జిగుళ్ల రోగములు 15, పండ్ల రోగములు 8. పండ్ల రోగములకంటెఁ జిగుళ్ల రోగములు దాదాపు రెట్టింపుగా నుండుట గమనింపఁదగినది. పన్ను నిలుచుట చిగురు గట్టిగా నుండుటచేతనే యని ప్రాచీను లెఱుఁగుదురు.

ఆ 15లో మొదటిది శీతాదము. చిగుళ్లు నిష్కారణముగా నెత్తురు గాఱుట, దుర్గంధము, మెత్తఁబడి యూడుట దాని లక్షణములు. నేఁటి వైద్యులు చిగుళ్లవాఁపు అని చెప్పుదానికి నీ లక్షణములు దగ్గఱగా నున్నవి. పండ్ల రోగము లెనిమిదింటిలో ‘క్రిమిదంతకము’ పుచ్చుపన్ను. ‘దంతహర్షము’ చల్లనిది తగిలినను సహింపని పులకరము. ‘దంతశర్కర’ గట్టిపడి ఱాయివలె నంటుకొను మలము, తెలుఁగున గార.

చికిత్సాస్థానమున సుశ్రుతుఁడు పుల్లను వర్ణించెను. అది పండ్రెండంగుళముల నిడివి, చిటికెనవ్రేలి లావు, వంకర లేమి, ముడులు లేమి, పచ్చితనము గలిగియుండవలెను. చేఁదుచెట్లలో వేప, వగరుచెట్లలోఁ జండ్ర, తీపిచెట్లలో నిప్ప, కారపుఁజెట్లలోఁ గానుగ శ్రేష్ఠములు. అటుపిమ్మట నాతఁడు తేనె, త్రికటుకము, నూనె, సైంధవలవణము మున్నగువానితోఁ గూర్చిన చూర్ణముతో మెత్తని కుంచెను బట్టి యొక్కొక్క పంటినే వేఱువేఱుగా రుద్దవలె ననెను. ‘మృదు’ శబ్దము నాతఁడు తప్పక వేసెను. చరకుఁడును వాగ్భటుఁడును జిగుళ్లకు బాధ గలుగకుండఁ జేయవలెనని స్పష్టముగాఁ జెప్పిరి. నేఁడు దంతవైద్యుఁడు చెప్పు రెండు ముఖ్యనియమములు, అనఁగా మెత్తని కుంచె వాడుటయు, ఒక్కొక్క పంటిని శ్రద్ధతోఁ దోముటయు, వీనిలో నున్నవి.

కాలము మాట యింకను ముఖ్యము. చరకసంహిత సూత్రస్థానము దంతపవనమును రెండు కాలముల యందుఁ జేయవలె నన్నది. ఏ రెండు కాలములన్న సందేహమును వాగ్భటుఁడు తీర్చెను. అష్టాంగహృదయము సూత్రస్థానమున దినచర్యాధ్యాయమునందు ‘ప్రాతః’ అను మాటకుఁ బిమ్మట ‘భుక్త్వా చ’ అని యున్నది. సమానకర్తృకములైన రెండు క్రియలలోఁ బూర్వకాలిక క్రియకు క్త్వాప్రత్యయము వచ్చునని పాణిని యనుశాసనము. కావున నిచట భోజనము పూర్వక్రియ, దంతపవనము తరువాతి క్రియ, కర్త యొక్కఁడే. చకారము సముచ్చయార్థకము. ప్రాతఃకాలమునఁ జేయవలెను, తిన్న పిదపను జేయవలెను అని యర్థము. ఇచట నే విధమైన వికల్పమును లేదు.

సుశ్రుతుఁడు దంతధావనప్రకరణమున నిద్ర లేచుటను మాత్రమే పేర్కొన్నను, అన్నపానవిధి యందు మఱియొక మాట చెప్పెను. పండ్లసందులఁ జిక్కిన యన్నమును శోధనముతో మెల్లగాఁ దీసివేయవలెను. తీయనిచో నోటికి దుర్గంధము గలుగును. కావున నాతని మతమునను భోజనానంతరశుద్ధి విహితమే.

ధర్మశాస్త్రమున నేవకారము

మనుస్మృతి నాలుగవ యధ్యాయమున 152వ శ్లోకము మలవిసర్జనము, ప్రసాధనము, స్నానము, దంతధావనము, అంజనము, దేవపూజనము అను కార్యములను ‘పూర్వాహ్ణ ఏవ’ చేయవలెనని విధించినది. ఈ యేవకారమును బట్టి మధ్యాహ్నము దాఁటినపిదప దంతధావనము కూడదని కొంద ఱర్థము చెప్పుదురు. ఆచారమునకు నిదియే మూలమని తోఁచును.

ఏవకారమునకు మూఁడు విధములైన వ్యవచ్ఛేదములను శాస్త్రజ్ఞులు చెప్పుదురు. విశేష్యముతోఁ గూడినపు డన్యయోగవ్యవచ్ఛేదము. అర్జునుఁడే విలుకాఁడన్నచో నితరులకు విలుకాఁడను పేరు తగదని యర్థము. విశేషణముతోఁ గూడినపు డయోగవ్యవచ్ఛేదము. శంఖము తెల్లనిదే యన్నచో శంఖమునకుఁ దెలుపు లేకుండుట లేదని యర్థమే గాని, తెల్లనివి వేఱు లేవని గాదు. క్రియతోఁ గూడినపు డత్యంతాయోగవ్యవచ్ఛేదము. ‘పూర్వాహ్ణ ఏవ’ యనుచోటఁ గాలము క్రియకు విశేషణము. కావున దంతధావనము పూర్వాహ్ణమునఁ దప్పరాదని యర్థము. అపరాహ్ణమునఁ జేయరాదన్న నిషేధము దానినుండి రాదు.

ఈ యర్థమునకు మనుస్మృతియే సాక్ష్యమిచ్చుచున్నది. పై శ్లోకములోని మొదటి కార్యము మలవిసర్జనము. ఏవకారము నిషేధార్థకమైనచో రాత్రి మలవిసర్జనము నిషిద్ధము గావలెను. అయితే యదే యధ్యాయములో 50వ శ్లోకము పగలు ఉత్తరాభిముఖముగాను రాత్రి దక్షిణాభిముఖముగాను మలమూత్రములను విడువవలె నన్నది. విధించినవాఁడే నిషేధించినాఁడనుట పొసఁగదు. మఱియు నాఱవ యధ్యాయమున వానప్రస్థునకు సాయంకాలస్నానము విహితము. ఒకే పట్టికలోని మలవిసర్జనస్నానములకు లేని నిషేధము దంతధావనమునకు మాత్రమే కలదనుట కాధారము లేదు. కావున మనువునకును వాగ్భటునకును విరోధము లేదు.

అయినను ధర్మశాస్త్రదృష్టికిని వైద్యదృష్టికిని భేదమున్నమాట నిజము. దానికి గౌతమధర్మసూత్రము మంచి యుదాహరణము. పండ్ల నంటుకొనియున్న యన్నలేశము, నాలుకకుఁ దగులనంతవఱకు, పంటితో సమానమని గౌతముని మతము. ఊడిపడువఱకు నట్లేయని కొందఱి మతము. పండ్లసందున నున్న దానివలన మనుష్యుఁడు ఎంగిలి గాఁడని మనువు ఐదవ యధ్యాయమునఁ జెప్పెను. తీయుటకు శక్యము గాని లేశమువలన మనుష్యుని నశుచిగాఁ జేయరాదను దయ దీనిలో నున్నది. ఆ లేశమునే సుశ్రుతుఁడు తీసివేయు మన్నాఁడు. ధర్మశాస్త్రము దాని యశుచిత్వమును గూర్చి విచారించినది. వైద్యము దాని పరిణామమును గూర్చి విచారించినది. ఈ రెండు ప్రశ్నలును వేఱు. ఎంగిలి గాదన్న మాటను హాని గాదన్న మాటగాఁ దీసికొనుటయే లోకము చేసిన పొరపాటు.

తిథినిషేధమునందు నిట్టి భేదమే కలదు. పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్యలయందును ఉపవాసదినములయందును దంతకాష్ఠము వాడరాదని స్మృతులు చెప్పినవి. ఆ దినములయందుఁ బండ్రెండుమాఱులు నీటితోఁ బుక్కిలించుటచే శుద్ధి యని యవి యే చెప్పినవి. పుల్ల నిషిద్ధమే గాని శుద్ధి నిషిద్ధము గాదు. పైని చెప్పినట్లు పుల్లకును గ్రియకును నొకటే పేరగుటచే, ఆ దినములయందుఁ బండ్లు తోముటయే తప్పని కొందఱు తలఁచిరి. వైద్యగ్రంథములు తిథిని జూడక రోగిని జూచినవి. అజీర్ణము, వాంతి, ఉబ్బసము, దగ్గు, జ్వరము, నోటిపూఁత, పక్షవాతముచే మొగము వంకరపోవుట మున్నగునవి గలవారు పుల్ల నమలరాదని వాగ్భటుఁడు చెప్పెను.

బౌద్ధవిహారముల సాక్ష్యము

భోజనానంతరశుద్ధి గ్రంథములయందే గాక యాచారమునను నుండినదా యను ప్రశ్నమునకు బౌద్ధభిక్షువుల నియమములు సమాధాన మిచ్చుచున్నవి. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేటల స్తూపములచేఁ గృష్ణాతీరము బౌద్ధమునకుఁ బ్రసిద్ధస్థానమైనది. పాలివినయమున చుల్లవగ్గము దంతకాష్ఠమును భిక్షువుల కనుజ్ఞ చేసి, నమలనందువలన దోషము లైదు చెప్పినది: కంటికిఁ గీడు, నోటికి దుర్గంధము, రసనాడుల కశుద్ధి, ఆహారమును బిత్తశ్లేష్మములు క్రమ్ముట, అన్నము రుచింపకుండుట. నిడివి యెనిమిదంగుళములు మించరాదు, నాలుగింటికిఁ దగ్గరాదు. నాలుగింటికిఁ దగ్గినచో మ్రింగుడువడు నపాయము గలదు.

క్రీ. శ. ఏడవ శతాబ్ది కడపట భారతదేశమున విద్యాభ్యాసము చేసిన చీనాభిక్షువు ఇత్సింగు సంఘాచారములను విపులముగా వ్రాసెను. ప్రతిదినము ప్రాతఃకాలమున దంతకాష్ఠమును నమలుటయు, పిదప దానిని జీల్చి వంచి నాలుకను గీకుటయు నాతఁడు వర్ణించెను. అంతతో విడువక, భోజనానంతరము నోటిని దంతకాష్ఠముతో శుద్ధిచేసి, పండ్లను నాలుకను మలము లేకుండఁ గడుగవలెనని వేఱొక యధ్యాయమునఁ జెప్పెను. ఆతఁడు నివసించినవి నాలందాతామ్రలిప్తులు గాని కృష్ణాతీరవిహారములు గావు. అంతకుఁ గొన్ని దశాబ్దముల ముందు ధాన్యకటకమును జూచిన హుయాన్‌త్సాంగు కాలమునకే యచటి విహారములు పెక్కు శూన్యములై యుండెను. కావున ఇత్సింగు సాక్ష్యము సంఘనియమమునకే గాని యీ ప్రాంతమునకు సాక్షాత్తుగాఁ జెందదు. అయినను వాగ్భటుని చకారము గ్రంథమాత్రము గాక భారతభూమిని నడచిన యాచారమనుట కిది చాలును.

చెట్లు, పొడులు

కృష్ణాతీరమున వేప, కానుగ, నల్లతుమ్మ, మఱ్ఱి, ఉత్తరేణి పందుంపుల్లలకు వాడుకలోనున్నవి. సుశ్రుతుని నాలుగు శ్రేష్ఠవృక్షములలో వేపయుఁ గానుగయుఁ బల్లములోఁ గాలువగట్లమీఁదనే దొరకును. చండ్ర మెట్టయడవులది. దానికి బదులుగా వగరురసమే గల తుమ్మను జనులు గ్రహించిరి. ఇది రసమును జూచి చేసిన గ్రహణము గాని యంధానుకరణము గాదు.

బెజవాడయొద్ద 1852–55 సంవత్సరములలోఁ గృష్ణకు ఆనకట్ట కట్టఁబడి కాలువలు త్రవ్వఁబడిన పిదప, విజయవాడలో ఏలూరు, బందరు, రైవసు కాలువల రేవులు ప్రాతఃకాలమునఁ బందుంపుల్లలవారితో నిండుచుండెడివి. ముఖప్రక్షాళనమును స్నానమును నొక్కచోటనే ముగిసెడివి. ఈ సౌకర్యమును బ్రాతఃకాలాచారమును బలపఱచినది. రాత్రి రేవునకుఁ బోవువారు లేరు.

పొడుల విషయమున మాత్రము లోకము శాస్త్రమునకు దూరమైనది. సుశ్రుతుని చూర్ణము తేనెతోను నూనెతోను గూడినది. పల్లెలలో వాడినది కాల్చిన పిడకల కచ్చిక, కట్టెబొగ్గు, ఊకబూడిద, ఇటుకపొడి, ఉప్పు. వరి పండు దేశమగుటచే నూకబూడిద యెల్లరకు సులభము. వరియూకలో నిసుకధాతువు విశేషముగా నుండుటచే దాని బూడిద గఱుకు. ఈ పొడులతో వ్రేలు పెట్టి బలముగా రుద్దుటచే పంటిపైఁ గల పింగాణివంటి పొర యఱిగి, లోని పసుపువన్నె పొర బయటఁబడును. అపుడు పండ్లు తెల్లఁబడుటకు మాఱు పసుపుపచ్చనగును. చల్లనివి వేఁడివి తగిలినచో జివ్వుమనును. గిన్నెయఱిగినచోఁ గొత్తది కొనవచ్చును. పంటిపొర యఱిగినచో మరల పెరుగదు.

పురుగుమాట, చికిత్సలు

పుచ్చునకుఁ బురుగు కారణమని ‘క్రిమిదంతక’ శబ్దమే చెప్పుచున్నది. ఈ నమ్మకము భారతదేశమునకే చెందినది గాదు. ప్రాచీన బాబిలోనియాలోను నున్నది. ఫ్రాన్సుదేశపు వైద్యుఁడు పియర్ ఫొషార్ 1728లోఁ బ్రకటించిన గ్రంథమున దంతకృమివాదమును గాదనెను. కృష్ణాతీరమున నేలవాకుడు గింజలను నిప్పుపై వేసి యా పొగను నోటఁ బట్టించి పురుగులు రాలినవని చూపు చికిత్స పల్లెలలో నుండెడిది. రాలినట్లు కనఁబడునవి పురుగులు గావు. గింజలనుండి వెలువడు సన్నని మొలకతునుకలు.

అమెరికావైద్యుఁడు మిల్లర్ 1890లో నిరూపించినదేమనఁగా, నోటిలోని సూక్ష్మజీవులు తీపినిఁ బిండిపదార్థములను బులియఁబెట్టి యామ్లమును బుట్టించును. ఆ యామ్లము పంటిపొరను గరఁగించును. కావున క్రిమిశబ్దము పూర్తిగా నసత్యము గాదు. కంటికిఁ గానరాని క్రిమి కలదు. కాని యది పంటిని గొఱికి తినునది గాదు. పంటిపై మిగిలిన యన్నమును దినునది. సుశ్రుతుఁడు తీసివేయుమన్న యన్నలేశ మిదియే.

చికిత్సలలోఁ గొన్ని యాశ్చర్యకరముగా నేఁటివానికి సమీపమున నున్నవి. పుచ్చుతొఱ్ఱను బెల్లముతోఁ గాని మైనముతోఁ గాని నింపి కాల్చిన శలాకతోఁ గాల్పవలెనని వాగ్భటుఁడు చెప్పెను. శోధించి పూడ్చుట యను నూహ దీనిలోఁ గలదు. బెల్లము మాత్రము నేఁడు సమ్మతము గాదు. ఏడాకుల యరఁటి పాలను జిల్లేడుపాలను దొఱ్ఱలోఁ బోయుటయు నాతఁడు చెప్పినదే. జిల్లేడుపాలు పల్లెలలో నిప్పటికిని వాడుదురు; అవి చిగురును బొబ్బలెక్కించును, కంటఁ బడినచో నపాయకరము. లవంగము నొప్పిని గొంతసేపు మాన్పును గాని పుచ్చును మాన్పదు.

పన్ను తీయుటలోఁ బ్రాచీనులు జాగరూకులు. పైదవడపన్ను కదలుచున్నను వైద్యుఁడు తీయరాదని, తీసినచో రక్తము మిక్కుటముగాఁ గాఱి యపాయములు గలుగునని సుశ్రుతుఁడు హెచ్చరించెను. నెత్తురు నిలుపు సాధనములు, మందులచే స్పర్శ లేకుండఁజేయు విధానములు నేఁడు గలవు గనుక నా నిషేధము నేఁటికి వర్తింపదు. కాని దానిని సాకుగాఁ జేసికొని కదలు పన్నును, చీముపట్టిన పన్నును నుపేక్షించుట నేఁటికిని గానవచ్చును. శిక్షితులైన దంతవైద్యుల పేర్లను నమోదు చేయు చట్టము భారతదేశమున 1948లో వచ్చినది. విజయవాడలో నేఁడు ప్రభుత్వ దంతవైద్యకళాశాల కలదు.

గార యను మాట

తెలుఁగున ‘గారపండ్లు’ అను మాట రెండు భిన్నస్థితులకు వాడఁబడుచున్నది. పల్లములో గార యనఁగాఁ బాచి గట్టిపడుటచేతను దాంబూలముచేతను నేర్పడినది. అది పండ్లపై నంటుకొన్నది గనుక దంతవైద్యుఁడు గీకి తీయఁగలఁడు. మెట్టప్రాంతమున గార యనఁగాఁ జిన్నతనమునుండియుఁ బంటిలోనే యుండు తెలుపు, పసుపు, గోధుమవన్నె మచ్చలు. అది యే పుల్లకును పోదు. కారణము నీరు.

అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి ప్రాంతమున నీటిలోని ఫ్లోరైడువలనఁ బండ్లును ఎముకలును జెడుచున్నవని గిండీలోని కింగ్ సంస్థకుఁ జెందిన షార్టును ఆతని సహకారులును 1937లోఁ బ్రకటించిరి. భారతదేశమున మనుష్యులలో నెముకలఁ బట్టిన ఫ్లోరైడువ్యాధిని గూర్చి వెలువడిన తొలిపరిశోధనలలో నిది ముఖ్యము. తెలంగాణమున నల్లగొండ యీ వ్యాధిచేఁ బిమ్మటఁ బ్రసిద్ధమైనది. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లిగ్రాములు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచారోగ్యసంస్థ నియమము. లోఁతుబావుల నీరు ఱాళ్లలోని ఫ్లోరైడును గరఁగించుకొని వచ్చును. పల్లమువారు తరతరములుగాఁ గృష్ణకాలువల నీటిని, ఆ నీటితో నిండిన చెఱువుల నీటిని ద్రాగుటచే నా మచ్చలను దఱచుగా నెఱుఁగరు.

ఈ భేద మెఱుఁగనందున పల్లమునుండి మెట్టకుఁ బోయిన యుపాధ్యాయుఁడు మచ్చలపండ్ల బాలుని జూచి, పండ్లు తోమలేదని దండించుట సంభవించును. ఆ బాలుఁడు లజ్జచే నోరు విప్పి పాఠము చదువఁడు. అతని దోషము లేదు. ఎనిమిదేండ్లలోపుఁ బండ్లు లోపల నేర్పడుకాలమున త్రాగిన నీటిదే దోషము. అట్టిచోట చేయవలసినది తోమించుట గాదు, మంచినీరు తెప్పించుట.

తాంబూలము, పొగాకు

తాంబూలమును ముఖశుద్ధిగా వైద్యగ్రంథములు కొనియాడినవి. జాజికాయ, లవంగము, తక్కోలము, పచ్చకర్పూరములతోఁ గూడిన యాకును నోట నుంచుకొనవలెనని చరకసుశ్రుతు లనిరి. వారి కాలమునఁ బొగాకు లేదు. అది అమెరికాఖండమునుండి పోర్చుగీసువారిద్వారా వచ్చి కృష్ణాగుంటూరు ప్రాంతములలో ముఖ్యమైన పంటయైనది. పొన్నూరు ప్రాంతపు తమలపాకు, గుంటూరు పొగాకు నొకేనోటఁ గలిసినవి. పూర్వగ్రంథముల ప్రశంస యీ క్రొత్త కలయికకుఁ జెల్లదు. పొగాకు లేని వక్కాకును నోటిపుండ్లకుఁ గ్యాన్సరుకుఁ గారణమగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లోఁ బ్రకటించినది. వక్కపలుకులు నమలువారికి నోరు పూర్తిగాఁ దెఱచుకొనకుండుట, కారము సహింపకుండుట మొదటి హెచ్చరికలు. మానక రెండువారములకు మించియుండు పుండును, తెల్లని లేక యెఱ్ఱని మచ్చను వెంటనే వైద్యునకుఁ జూపవలెను.

ఫలితార్థము

ప్రాతఃకాలదంతధావనమును గృష్ణాతీరవాసులు రక్షించుకొన్నారు. అది గొప్ప గుణమే. అయితే పంటికిఁ గీడు కలుగుట పగటికంటె రాత్రియే యెక్కువ. నిద్రలో లాలాజలము తగ్గును. పగటిపూఁట నామ్లమును గడిగి వేయునది యా లాలాజలమే. రాత్రి భోజనశేషము పంటిపై నిలిచినచో నామ్లమునకు నడ్డు లేదు. కావున తెల్లవాఱి పండ్లు తోమువాఁడు రాత్రి జరిగిన నష్టమును గడుగుచున్నాఁడే గాని యాపుట లేదు. నేఁటి వైద్యులు దినమునకు రెండుమాఱులు, అందు రాత్రి నిదురకు ముందు తప్పక, ఫ్లోరైడు గల ముద్దతో మెత్తని కుంచెను బట్టి తోముకొనవలె ననుచున్నారు. మూఁడేండ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆఱేండ్ల వఱకు బఠానీగింజంత ముద్ద చాలును. ఫ్లోరైడు మిక్కుటముగా గల నీటి ప్రాంతములవారు వైద్యుని సలహా ననుసరింపవలెను. చిగుళ్లు నెత్తురు గాఱినచోఁ దోముట మానుట పొరపాటు. మెత్తగాఁ దోముచు వైద్యునిఁ జూడవలెను. పందుంపుల్లయు నిందించఁదగినది గాదు. ప్రపంచారోగ్యసంస్థ 1986లో నమలుపుల్లల వాడుకను బ్రోత్సహించినది. కొన మెత్తగా నమిలి, దవడపండ్ల లోపలివైపునకు నందునట్లు శ్రద్ధగా వాడవలె నన్నదే నియమము.

రాత్రి పండ్లు తోముకొనుట పరదేశపుఁ బోకడయని తలఁచు వృద్ధులు పల్లెలలో నింకను గలరు. వారికి సూక్ష్మజీవులను గూర్చి చెప్పుటకంటె, దినచర్యాధ్యాయములోని ‘భుక్త్వా చ’ యను మాటను జూపుట సులభము. పాఠశాలలలో మనుస్మృతిని, సుభాషితములను జెప్పు పండితులు అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయమును గూడఁ జెప్పినచో, బాలురు రాత్రి పండ్లు తోముకొనుటను క్రొత్తదిగాఁ గాక, తాతల గ్రంథములలో నుండియు తాతలు విడిచిన విధిగాఁ దెలిసికొందురు.